ఎనకాల నీరుంది

మా ఇందుకి ఐదేళ్ళు. జూన్ నెల ఆఖరి ఆదివారం అది బీరువా అద్దం ముందు నిలబడి, గౌను అంచు రెండు చేతులతో పట్టి పైకి లాగుతూ, నడుం తిప్పుతూ పాడుతోంది.

"ఎగ్గట్టే పిల్లా ఎగ్గట్టు, ఎనకాల నేనున్నా ఎగ్గట్టు..."

నా చేతిలో కూర గిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు. కోపంగా అడిగితే చెప్పదని తెలుసు కాబట్టి, "ఎవరు నేర్పారమ్మా ఈ పాట?" అని మెల్లగానే అడిగాను.

"ఫోను. నువ్వు అన్నం పెడతా ఇస్తావు కదా, అందులో వస్తాది" అంది.

ఇచ్చింది నేనే. నేను చోడవరంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇంటికొచ్చేసరికి ఓపిక ఉండదు. ఫోను ముందు పెడితే పిల్ల నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది. ఆ నాలుగు ముద్దలతో పాటు ఇంకేం లోపలికి వెళ్తోందో నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం పిల్ల పడుకున్నాక వీడియో పెట్టుకుని చూశాను. నీళ్ళు నిండిన వరి మడిలో లంగా ఓణీ కట్టిన అమ్మాయి నారు పట్టుకుని వయ్యారంగా ముందుకి నడుస్తూ నాటుతోంది. కెమెరా ఆమె మడమల దగ్గర మొదలై పిక్కలు దాటి నడుం దగ్గర ఆగిపోతోంది. గట్టు మీద నల్లకళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడు పాడుతున్నాడు. మొదట్లో ఒక చీరల కొట్టు ప్రకటన, చివర్లో అదే కొట్టు పేరు. అలవాటు కొద్దీ టైము చూశాను. మూడు నిమిషాల యాభై సెకన్ల పాటలో ఆ అమ్మాయి మొహం కనిపించింది పదకొండు సెకన్లు.

రెండోసారి కళ్ళు మూసుకుని విన్నాను. డప్పుల కింద, ఆ కుర్రాడి గొంతు కింద, "ఎగ్గట్టు" అనే ఒక్క మాట మాత్రం వేరే గొంతులో పదే పదే వస్తోంది. ముదురు గొంతు, కొంచెం జీర. ఆ గొంతు నాకు తెలుసు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఏటా మా అత్తవారి పొలంలో వింటున్న గొంతు. అది దేముడమ్మత్తది.

దేముడమ్మది రావికమతం దగ్గర ఒక పల్లె. పదహారో ఏట మా అత్తవారి ఊరికి కోడలై వచ్చింది. చుట్టరికం లేకపోయినా ఊరి వరసలో నాకు అత్త అవుతుంది. భర్త పరదేశి ఆటో తోలుతాడు. వచ్చిన వారానికే ఆమె అత్తగారు మంగాయమ్మ ఆమె చేతిలో నారు కట్ట పెట్టి మడిలోకి దింపింది. మంగాయమ్మ అప్పుడు పధ్నాలుగు మంది ఆడవాళ్ళ జట్టుకి పెద్ద. వరినాట్లని మా వైపు ఉభాలంటారు. ఉభాల్లో ఆ జట్టు దిగని పొలం ఊళ్ళో లేదు.

నాటేవాళ్ళు ముందుకి నడవరు. వంగి నాటుతూ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తారు. ముందుకి నడిస్తే నాటిందంతా వాళ్ళ కాళ్ళ కిందే పోతుంది. అందువల్ల తాము ఎటు పోతున్నదీ వాళ్ళకి కనబడదు. వెనకాల పల్లం ఉందా, నీరు ఎక్కువ నిలిచిందా, ఎప్పుడో మోటారు కోసం తవ్వి వదిలేసిన గొయ్యి ఉందా అని చూసుకునేది జట్టు మొత్తానికి ఒక్కరే, గట్టువార నాటే మనిషి. ఆ మనిషి తల తిప్పి చూసి, చెప్పాల్సింది పాటలోనే చెబుతుంది.

"ఎగ్గట్టే వదినా ఎగ్గట్టు, ఎనకాల నీరుంది ఎగ్గట్టు."

అది వినగానే పధ్నాలుగు మందీ కోకలు మోకాళ్ళ పైకి దోపుకుని, కాలి వేళ్ళతో తడుముకుంటూ అడుగు వేస్తారు. మడి చివరికి వచ్చి మడమ గట్టుకి తగిలాక రెండో మాట వస్తుంది. "దించేయే వదినా దించేయి, గట్టొచ్చి తగిలింది దించేయి." అప్పుడు కోకలు దించుకుని, నడుములు నిలబెట్టి, గట్టెక్కుతారు. ఈ రెండూ కాక మధ్యలో మరిది మీద, మొగుడి మీద, మేస్త్రీ మీద ఎన్ని చరణాలైనా కట్టుకోవచ్చు. ఈ రెండు మాత్రం మార్చకూడదు.

దేముడమ్మకి ఇరవై నాలుగేళ్ళప్పుడు మంగాయమ్మ మోకాళ్ళు పట్టేసి గట్టువార చోటు కోడలికి ఇచ్చింది. ఆ మొదటి ఏడే ఒకరోజు, మరిది మీద కొత్త చరణం కట్టే సరదాలో పడి, దేముడమ్మ వెనక్కి చూడటం మరిచిపోయింది. చిన్నతల్లి అనే తోటి మనిషి గోతిలో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ చెయ్యి ఇప్పటికీ వంకరే. ఆ సాయంత్రం మంగాయమ్మ తిట్టలేదట. "పాట నీ గొంతుకి కాదే, ఆళ్ళ కాళ్ళకి" అని మాత్రం అందట. ఆ తరవాత ముప్పై ఏళ్ళలో దేముడమ్మ జట్టులో ఒక్కరూ పడలేదు. ఆమె గొప్పగా చెప్పుకునేది ఇదొక్కటే.

నిరుడు ఉభాల్లో ఉమామహేష్ అనే అతను గట్టు మీద నిలబడి ఈ పాట విన్నాడు. కె.కోటపాడు వైపు మనిషి, గాజువాకలో గది తీసుకుని యూట్యూబ్‌లో జానపదాల చానల్ నడుపుతున్నాడు. "అత్తా, నీ గొంతు లోకమంతా ఇనాల" అని స్టూడియోకి తీసుకెళ్ళాడు. అద్దాల గదిలో చెవులకి డిప్పలు పెట్టించి పాడించుకుని, ఒక చీర పెట్టి పంపాడు. పాటంతా వస్తుందని ఆమె అనుకుంది. వాళ్ళు అందులోంచి ఒక్క మాట కోసుకున్నారు.

జూలై రెండో వారంలో మా రోడ్డువార మడిలో ఉభాలు మొదలయ్యాయి. తొలిరోజు పదింటికల్లా కుర్రాళ్ళెక్కిన రెండు మోటారు బళ్ళు రోడ్డు మీద ఆగాయి. దేముడమ్మ "ఎగ్గట్టే వదినా" అనీ అనకముందే బండి మీంచి ఒకడు అందుకున్నాడు.

"ఎగ్గట్టవే అత్తా, ఎనకాల మేఁవున్నాం."

మిగతావాళ్ళు నవ్వారు. ఇద్దరు ఫోన్లు పైకెత్తారు. నాటేవాళ్ళ వీపులు రోడ్డు వైపే ఉంటాయి. ఒక్కొక్కరూ కోక దించేసుకున్నారు. తడిసిన కోక కాళ్ళకి చుట్టుకుని అడుగు పడటం లేదు.

మర్నాడు మూడు బళ్ళు. జట్టులో రాజులమ్మ నోరున్న మనిషి. దేముడమ్మని అక్క వరసన అప్పా అని పిలుస్తుంది. ఆరోజు గట్టు మీద టీ తాగుతూ అందరి ముందూ అనేసింది.

"ఆ పాట మానెయ్యే అప్పా. మనం నాటడానికొచ్చేమా, ఆడ్డానికొచ్చేమా? మా ఓడు కూడా సూసేడంట ఆ వీడియో. ఏటే మీ ఉభాల్లో ఇయ్యేనా పాటలూ అని అడుగుతన్నాడు."

"నాను అలా పాడలేదే."

"నీ గొంతేనా, కాదా?"

దేముడమ్మ గ్లాసులో మిగిలిన టీ పారబోసి లేచింది. ఆ రోజు నుంచి ఆమె పాడలేదు. ఉత్త మాటతో "నీరున్నాది సూసుకోండే" అని అరిచేది. అడుగులకి పాట తోడు లేక ఒకరు ముందు, ఒకరు వెనక అయ్యేవారు. వరస చెదిరితే కేక అందరికీ ఒకేసారి పనికిరాదు. నాలుగో రోజు వరసలో వెనకబడ్డ రాజులమ్మ తొందరలో రెండడుగులు ఒకేసారి వెనక్కి వేసి పాత మోటారు గోతిలోకి జారింది. ఆదివారం కావడంతో నేను టీ క్యానుతో అప్పుడే గట్టు మీదికి వచ్చాను. నీళ్ళ మీద ఆమె తలా ఒక చెయ్యీ కనిపించాయి. చిన్నతల్లి తన వంకర చేత్తోనే జుట్టు పట్టి లాగింది. ప్రాణానికేం కాలేదు. చీలమండ బెణికి ఇంత లావు అయింది. తరవాత నేను కర్ర దింపి కొలిచాను. ఎనభై రెండు సెంటీమీటర్లు. వంగి ఉన్న మనిషికి అది చాలు.

రాజులమ్మని ఆటోలో ఎక్కించి పంపాక దేముడమ్మ గట్టు మీద కూర్చుని చాలాసేపు కాళ్ళు కడుక్కుంది. కాళ్ళకి బురద లేదు, అయినా కడుక్కుంటోంది.

"కోడలు పిల్లా, ఆ గాజువాక గుంటడి ఆఫీసు నీ ఫోన్లో కనబడతాదా?"

"కనబడుతుందత్తా."

"రేపెల్దాం."

నేను సెలవు పెట్టాను. బస్సెక్కాం. నాకే భయం వేసి, "గొడవ పడకండత్తా, అడిగి చూద్దాం" అన్నాను. నా వైపు చూసి, "నీకు భయమైతే గుమ్మంలో ఉండమ్మీ, అడ్రసు సూపించేవు, సాలు" అంది. గుమ్మంలో ఉండలేదు. లోపలికే వెళ్ళాను.

ఉమామహేష్ చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. లేచి నిలబడి కుర్చీ వేశాడు, కూల్‌డ్రింక్ తెప్పించాడు.

"రా అత్తా, కూకో. నీ పాట ఇరవై ఎనిమిది లక్షలు దాటింది."

"ఏటి లక్షలు?"

"వ్యూసత్తా. అంతమంది సూసేరు."

"సూసినోలు సరే. ఇన్నోలెంతమంది?"

అతను నవ్వాడు. దేముడమ్మ నవ్వలేదు.

"ఎనకాల నీరుంది అని నాను పాడేను. నేనున్నా అని ఎవులు మార్చేరు బాబూ?"

"రైటరు మార్చేడత్తా. నీరుందంటే సిటీలో ఎవడికి తెలుస్తాది? కొంచెం లవ్ ఫీలుండాల కదా. ఏటంత, రెండక్షరాలు."

"ఆ రెండక్షరాల్లోనే రాజులమ్మ పడిపోయింది."

జరిగింది నేను చెప్పాను. అతను నిజంగానే బాధపడ్డాడు. ఆస్పత్రి ఖర్చేమైనా ఉంటే చూస్తానన్నాడు. వీడియో తీసెయ్యమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు. చీరల కొట్టువాళ్ళు దాన్ని చూసే తరవాతి నాలుగు పాటలకీ ఒప్పుకున్నారట. "ఆడోలు నాటతా ఉంటే ఎవడూ ఆగి సూడడత్తా. ఏలు ఇలా జరిపేస్తాడు. ఆగాలంటే ఏదో ఒకటి సూపించాల. నానేటి కనిపెట్టేను ఇది? అందరూ అలాగే తీస్తన్నారు" అన్నాడు. తరవాత కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"పార్ట్ టూ అనుకుంటన్నామత్తా. ఆ రెండోది ఉంది కదా, దించేయి అని. ఆ ఒక్క మాట సాలు. అదిరిపోద్ది. అది నీ గొంతులోనే రావాల."

ఆ మాట ఎలా తీస్తారో, ఏ కెమెరా ఎక్కడ ఆగుతుందో నాకు కళ్ళ ముందు కనిపించింది. అది మా ఇంటి బీరువా అద్దం దాకా వస్తుందని కూడా.

దేముడమ్మ కూల్‌డ్రింక్ ముట్టుకోకుండా లేచింది.

"దించేయి అన్నది గట్టెక్కినాక అనే మాట బాబూ. నువ్వింకా మళ్ళోకే దిగలేదు."

"నువ్వు పాడకపోతే ఇంకోలు పాడతారత్తా."

"పాడనీ. ఆలెవరో వచ్చి మా మడి గట్టువార నిలబడరు కదా. ముందు నాను నా మళ్ళో పాడుకోవాల. అదే అడగడానికొచ్చేను, నిన్నడిగితే వచ్చేది కాదని తెలిసింది."

మెట్ల మీద ఒక అమ్మాయి ఎదురొచ్చింది. మేకప్ లేదు, భుజాన బ్యాగు. నేను గుర్తుపట్టలేదు. దేముడమ్మ గొంతు విని ఆమే ఆగింది.

"ఎగ్గట్టు పాట మీదేనా? నేను సంధ్యారాణిని. అందులో డ్యాన్స్ చేసింది నేనే."

దేముడమ్మ ఆమెని కిందినుంచి పైకి చూడలేదు. మొహమే చూసింది.

"ముందుకి నడుస్తా నాటేవేటే అమ్మీ? మా ఊళ్ళో సిన్నపిల్లలు కూడా నవ్వేరు."

సంధ్యారాణి తల దించుకుంది. "మా అమ్మ కూడా ఉభాలకెల్లేదత్తా. వెనక్కి నడవాలని నాకు తెలుసు, చెప్పేను కూడా. ముందుకైతేనే నడుం ఊగుతాదన్నారు. ఇల్లు గడవాలి కదా, నడిచేను."

దేముడమ్మ ఆమె గడ్డం పట్టుకుంది.

"నీ మొగం బాగున్నాదే. అందులో కనబడలేదు."

మర్నాడు పొద్దున్న జట్టుకి ఒక్క మాటే చెప్పింది. "ఇయ్యాల రోడ్డువార మడే. పాటుంటాది." ఇద్దరు ముగ్గురు సణిగారు. ఒకామె, నీకేటి, ముసిల్దానివి, నిన్నెవడు సూస్తాడు అంది. చిన్నతల్లి తన వంకర మణికట్టు ఆమె మొహం ముందు ఆడించి మడిలోకి దిగింది. దాంతో మిగతావాళ్ళూ దిగారు. రాజులమ్మ మంచం మీదే ఉంది కాబట్టి వరసలో ఒక చోటు ఖాళీ. నేను సెలవు పొడిగించి ఇందుని కూడా తీసుకుని గట్టు మీదికి వచ్చాను. పిల్లని అక్కడికి తేవడం తప్పో ఒప్పో తేల్చుకోలేకుండానే తెచ్చాను.

పదింటికి బళ్ళు వచ్చాయి. ఒకడు రాగం అందుకున్నాడు. దేముడమ్మ నాటడం ఆపలేదు. చేతిలో ఉన్న కట్ట అయిపోయేదాకా నాటి, అప్పుడు నడుం ఎత్తి, కొత్త నారు కట్ట తీసుకుని, కోక దించుకోకుండానే గట్టెక్కి నేరుగా ఆ బండి దగ్గరికి నడిచింది. బండి మీదున్నవాడికి ఆమె వస్తుందన్న ఊహ లేదు. హేండిల్ మీద చెయ్యి వేసి మొహంలోకి చూసింది.

"నువ్వు రాజులమ్మ సెల్లి కొడుకువి కాదేటిరా? చరణు?"

కుర్రాడు ఏదో గొణిగాడు.

"మీ పెద్దమ్మ కాలు బెణికి మంచం మీదున్నాది, తెలుసా? ఆ పాట నువ్విక్కడ పాడతన్నావని నానాపేసేను. ఆపేస్తే గోతిలో పడిపోయింది. ఆవిడ వరస ఖాళీగా ఉంది. దిగు."

"నాకు రాదత్తా."

"నేర్పుతాను. దిగు బాబూ."

అరవలేదు, తిట్టలేదు. నారు కట్ట అతని చేతిలో పెట్టి పక్కన నిలబడింది. పెద్దమ్మ సంగతి అతనికి తెలిసినట్టు లేదు. బండికి స్టాండు వేశాడు. స్నేహితులు నవ్వుతున్నారు, ఊరివాళ్ళు ఇద్దరు సైకిళ్ళు ఆపారు. చెప్పులు విప్పి దిగాడు.

దిగిన వెంటనే వీడియోలో అమ్మాయిలాగే ముందుకి నడుస్తూ నాటాడు. నాలుగు అడుగులేసేసరికి తను నాటిన మూడు పిలకలు తన కాళ్ళ కిందే పోయాయి. మడి మొత్తం నవ్వింది.

"ఎనక్కిరా గుంటడా, ఎనక్కి. ఎవుల దగ్గర నేర్చుకున్నావు నాటడం, ఫోన్లోనా?" అంది చిన్నతల్లి.

వెనక్కి వెయ్యడం మొదలెట్టాడు. పంట్లాం బురదలో ఈడుస్తోంది. వెనకాల ఏముందో తెలియక ప్రతి అడుక్కీ తల తిప్పి చూసుకుంటున్నాడు. తల తిప్పితే చెయ్యి తప్పుతోంది. అప్పుడు గట్టువార తన చోటికి వెళ్ళిన దేముడమ్మ గొంతెత్తింది.

"ఎగ్గట్టరా అల్లుడా ఎగ్గట్టు, ఎనకాల నీరుంది ఎగ్గట్టు."

చరణ్ నారు వదిలేసి రెండు చేతులా పంట్లాం మోకాళ్ళ పైకి లాగేసుకున్నాడు. అతని చుట్టూ కోకలు కూడా ఒక్కసారే పైకి లేచాయి. కాలి వేళ్ళతో తడుముతూ పదమూడు మందీ ఆ పల్లం దాటారు. అతను కూడా దాటాడు.

రోడ్డు మీదున్న స్నేహితుడు ఫోను పైకెత్తాడు. బురదలో, పంట్లాం ఎగ్గట్టుకున్న చరణ్‌ని తీస్తున్నాడు. తియ్యనీ, వాడికి బుద్ధొస్తుంది అనుకున్నాను నేను. దేముడమ్మ అలా అనుకోలేదు.

"ఫోను దించు బాబూ. పనిలో ఉన్నోలిని తియ్యకూడదు. మమ్మల్నీ కాదు, ఆడినీ కాదు."

ఆ కుర్రాడు చరణ్ వైపు చూశాడు. చరణ్ కూడా తల ఎత్తి, "దించెయ్‌రా" అన్నాడు. ఫోను జేబులోకి వెళ్ళింది.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. ఆ వీడియో ఇంకా ఉంది, నేను చూసినప్పుడల్లా అంకె పెరుగుతూనే ఉంది. కింద అసలు మాట "నీరుంది" అని, అది ఎందుకో కూడా రాశాను. పదిమంది మెచ్చుకున్నారు, ఒకడు నన్ను అనరాని మాట అన్నాడు. ఉమామహేష్ పరదేశికి రెండుసార్లు ఫోను చేశాడు. గొంతు ఉభాల్లో ఉందని చెప్పమంది దేముడమ్మ. బళ్ళు ఆగడం పూర్తిగా పోలేదు, తగ్గింది. ఆగితే ఇప్పుడు దేముడమ్మ ఒక్కతే కాదు, చిన్నతల్లి కూడా నారు కట్ట పైకెత్తి చూపిస్తుంది. చాలామంది గేరు మార్చి వెళ్ళిపోతారు. రాజులమ్మ పన్నెండో రోజుకి కుంటుతూ వచ్చి, "నా వరస పాడు సేసేడు కదే ఆ ఎదవ" అని చెల్లి కొడుకు నాటినంత మేరా తిట్టుకుంటూ సరిచేసుకుంది. ఆ రోజు పాట ముందుగా ఎత్తింది ఆమే.

ఇందుకి ఫోను లేకుండా అన్నం పెట్టడానికి నాకు ముప్పావుగంట పడుతోంది.

ఉభాల ఆఖరి రోజు పిల్ల గట్టు మీద నా చెయ్యి పట్టుకుని నిలబడి చాలాసేపు చూసింది.

"అమ్మా, ఎనకాల నిజంగా నీరుందా?"

"ఉంది. ఎంతుందో చూస్తావా?" అని ఎత్తుకుని దింపాను. గౌను తడుస్తుందని అదే రెండు చేతులా పైకి పట్టుకుంది. దేముడమ్మ దాని గుప్పిట్లో నాలుగు నారు మొక్కలు పెట్టి, భుజాలు పట్టి వెనక్కి తిప్పింది. బళ్ళు పోతూనే ఉన్నాయి. వరస గట్టుకి చేరుతోంది. ఒక్కో మడమా వచ్చి తగులుతుంటే ఆమె రోడ్డు అవతలికి కూడా వినబడేలా రెండో మాట ఎత్తింది.

"దించేయే వదినా దించేయి, గట్టొచ్చి తగిలింది దించేయి."

కోకలు దించుకుని అందరూ గట్టెక్కారు. ఆఖర్న దేముడమ్మ వెనక్కి తిరిగి, అందరూ ఎక్కారో లేదో లెక్కపెట్టి చూసుకుని, అప్పుడు తను ఎక్కింది.